సింగపూర్ కోపిటియంలో పొద్దుటి టిఫిన్: కాఫీ ఎలా అడగాలి, ఆ జారుడు గుడ్లు ఎలా తినాలి?

గుంటూరు_మిరప అడుగుతున్నారు:

వచ్చే నెల నలుగురం సింగపూర్‌లో 5 రోజులు ఉంటాం. పొద్దున హోటల్ బఫే వద్దనుకున్నాం. కోపిటియంలో (అక్కడి కాఫీ కొట్టు) కాయా టోస్టు (కొబ్బరి జామ్ లాంటిది పెట్టిన రొట్టె), సగం ఉడికిన గుడ్లు, కాఫీ తీసుకోవాలని ఉంది. నా సందేహాలు ఇవీ. కాఫీ అడగడానికి అక్కడేదో వేరే భాష ఉందట, అది ఎంతవరకు తెలిస్తే చాలు? అమ్మకు షుగర్, చక్కెర అసలు వద్దు. నాన్నగారు గుడ్డు ముట్టరు, ఆయనకు ఏమైనా దొరుకుతుందా? ఆ గుడ్లు మరీ నీళ్లలా ఉంటాయని చాలామంది రాశారు, అది పద్ధతా, పొరపాటా? డబ్బులు, ట్రేలు, కూర్చోవడం గురించి కూడా చెప్పండి. ‘అద్భుతంగా ఉంటుంది, తప్పక వెళ్లండి’ అనే సమాధానాలు ఇప్పటికే బోలెడు చదివాను. పనికొచ్చే వివరం కావాలి.

---

డికాషన్_దాసు:

ముందు మాట సంగతి. కోపి అంటే మలయ్‌లో కాఫీ, టియం అంటే హొక్కియెన్ అనే చైనా మాండలికంలో దుకాణం. కాఫీ అడిగే మాటలు కూడా ఇలాగే మలయ్, హొక్కియెన్, కాంటనీస్ కలిసిపోయి ఉంటాయి. పది మాటలు వస్తే ఏ కొట్టుకైనా వెళ్లొచ్చు.

ఉత్త ‘కోపి’ అంటే కండెన్స్‌డ్ మిల్క్ వేసిన కాఫీ. తీపి ఆ పాలలోనే ఉంటుంది. ‘కోపి-ఓ’ అంటే పాలు లేకుండా చక్కెరతో. ఓ అంటే నలుపు. ‘కోపి-సీ’ అంటే తీపి లేని ఎవాపరేటెడ్ పాలు, విడిగా చక్కెర. టీ కావాలంటే కోపి బదులు ‘తె’ అనండి: తె, తె-ఓ, తె-సీ. వీటి వెనక తగిలించేవి ఇవీ: ‘కోసోంగ్’ అంటే ఖాళీ, అంటే చక్కెర వద్దు. ‘సియూ దాయ్’ తీపి తక్కువ, ‘గా దాయ్’ తీపి ఎక్కువ. ‘గావ్’ స్ట్రాంగు, ‘పో’ లైటు. ‘పెంగ్’ అంటే ఐసు. పెంగ్ అనకపోతే వేడిదే ఇస్తారు. ఐసు వేస్తే నాలుగైదు పదుల సెంట్లు ఎక్కువ పడుతుంది. పార్సెల్ అయితే ‘దాబావ్’.

వరస: ముందు కోపి లేదా తె, తర్వాత పాల సంగతి, తర్వాత తీపి, స్ట్రాంగు, చివర పెంగ్. ‘కోపి-సీ సియూ దాయ్ పెంగ్’ అంటే ఎవాపరేటెడ్ పాలతో, తీపి తగ్గించిన ఐస్ కాఫీ. వరస కాస్త అటూ ఇటూ అయినా వాళ్లకు అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లో అడిగినా ఇస్తారు. కానీ ‘మిల్క్ కాఫీ, లెస్ షుగర్’ అంటే చేతికొచ్చేది కండెన్స్‌డ్ మిల్క్ కాఫీయే, అందులో ఒక చెంచా తగ్గించి. పాత కొట్లలో మామూలు ఆవుపాలు ఉంటాయని లెక్కవేసుకోవద్దు.

అమ్మగారి విషయంలో తప్పు జరిగేది ఇక్కడే. ‘కోపి కోసోంగ్’ అని అడగకండి. ఉత్త కోపిలో చక్కెర విడిగా వేయరు, పాలలోనే ఉంటుంది. అందుకని ఆ మాట వింటే ఒక్కో కొట్టువాడు ఒక్కోలా అనుకుంటాడు. ‘కోపి-సీ కోసోంగ్’ అనండి, పాలుంటాయి, చక్కెర ఉండదు. పాలు కూడా వద్దంటే ‘కోపి-ఓ కోసోంగ్’. ‘సియూ దాయ్’ షుగర్ ఉన్నవాళ్లకు పనికిరాదు. కండెన్స్‌డ్ మిల్క్‌లో సగానికి పైగా చక్కెరే. 40 గ్రాములు పోస్తే 20 గ్రాముల పైచిలుకు, అంటే దాదాపు ఐదు టీస్పూన్లు. దాన్ని కాస్త తగ్గించినా మూడు టీస్పూన్లు మిగులుతాయి. కోసోంగ్ అన్నా గింజల్ని వేయించేటప్పుడు చక్కెర కలుపుతారు కాబట్టి కాఫీ పూర్తిగా చప్పగా, చేదుగా ఉండదు. మాడిన పాకం వాసన వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

ఒకే పేరుతో చాలాచోట్ల ఉండే పెద్ద గొలుసు కొట్లలో మెనూ బోర్డు మీద పానీయాల పక్కన సీ, డీ అక్షరాలు కనిపిస్తే అవి న్యూట్రీ-గ్రేడ్ గుర్తులు. ఏ అంటే చక్కెర, కొవ్వు తక్కువ, డీ అంటే ఎక్కువ. 2023 డిసెంబరు 30 నుంచి అక్కడికక్కడ కలిపిచ్చే పానీయాలకూ ఇది పెట్టారు. కోపి-సీలోని సీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. గందరగోళం అక్కడే మొదలవుతుంది, జాగ్రత్త.

ఇంకొకటి. ఉత్త కోపి రాగానే పైనుంచి తాగి ‘చేదు’ అని కప్పు పక్కన పెట్టేవాళ్లున్నారు. కండెన్స్‌డ్ మిల్క్ బరువుకు అడుగునే ఉంటుంది. అక్కడక్కడ కొంచెం కలిపి ఇస్తారు, కొన్నిచోట్ల అసలు కలపరు. చెంచా అడుగుదాకా దించి నాలుగుసార్లు తిప్పాలి. తీపి ఎక్కువనుకుంటే పూర్తిగా కలపకుండా, అడుగున తెల్లటి పొర కొంత వదిలేసి తాగితే సరిపోతుంది. పోసిన మొదటి నిమిషంలో కప్పు పట్టుకోలేనంత వేడిగా ఉంటుంది. వెనకటి ముసలాళ్లు సాసర్లో పోసుకుని చల్లార్చుకునేవాళ్లు, మన ఇరానీ హోటళ్లలో టీ తాగినట్టే.

---

తెల్లసొన_ప్రసాద్:

గుడ్ల సంగతి నేను చెప్తాను.

నీళ్లలా ఉండటం పద్ధతే, కానీ దానికో హద్దుంది. సరిగ్గా ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టి పెరుగు పలుకుల్లా విరిగి ఉంటుంది, పచ్చసొన జారుతూ ఉంటుంది. తెల్లసొన పారదర్శకంగా, ముక్కుచీమిడిలా ఉంటే మాత్రం అది ఉడకలేదు. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలవుతుంది, పచ్చసొన 65 దాటాక ముద్దవుతుంది. వేడి బయటి నుంచి లోపలికి వెళ్తుంది కాబట్టి ముందు తెల్లసొన కట్టుకుంటుంది. ఆట అంతా ఈ రెండు అంకెల మధ్యే. అందుకే గుడ్లను మరిగించరు. పొయ్యి మీంచి దించిన మరుగునీళ్లలో మూతపెట్టి ఉంచుతారు.

కొట్టును బట్టి మూడు రకాలుగా తెస్తారు. ఒకచోట పగలగొట్టి సాసర్లో పోసి ఇస్తారు. ఒకచోట రెండు గుడ్లు పెంకుతోనే గిన్నెలో పెడతారు. ఇంకొన్నిచోట్ల వేడినీళ్ల డబ్బాలో గుడ్లు వేసి మూతతో మీ బల్ల మీదే పెట్టి ‘ఇన్ని నిమిషాలు ఆగండి’ అంటారు. ఈ మూడోదాంట్లోనే పొరపాట్లు ఎక్కువ. మాటల్లో పడి మూత తీసి చూస్తూ ఉంటే నీళ్లు చల్లారిపోతాయి, గుడ్డు పచ్చిగా ఉంటుంది. మర్చిపోయి పదిహేను నిమిషాలు వదిలేస్తే గట్టిపడిపోతుంది. ఫోన్లో టైమర్ పెట్టుకోవడం తప్ప దారి లేదు.

పగలగొట్టే తీరు: గుడ్డు నడుము మీద చెంచాతో గట్టిగా ఒక్క దెబ్బ, లేదా సాసర్ అంచుకేసి ఒక్కసారి. రెండు బొటనవేళ్లతో విడదీసి గిన్నెలోకి వంచాలి. తెల్లసొన సగం పెంకుకే అతుక్కుని ఉంటుంది. టీస్పూన్‌తో పెంకు లోపలంతా గీకి తీయకపోతే గిన్నెలో పచ్చసొన మాత్రమే మిగులుతుంది, మీరేమో కొట్టువాణ్ని తిట్టుకుంటారు. బల్ల మీద రెండు సీసాలుంటాయి. నల్లగా చిక్కగా ఉన్నది డార్క్ సోయా సాస్. రెండు గుడ్లకు అర టీస్పూన్ చాలు. పక్కది పల్చటి సోయా సాస్, అది ఉప్పు కషాయం, రెండు చుక్కలు దాటితే గుడ్డు పాడైనట్టే. మిరియాల పొడి తెల్లది వేయాలి, మీ చేతికి తగినంత. టోస్టు ముక్క ముంచుకుని తినడం మామూలు. మిగిలింది కొందరు సాసర్ ఎత్తి తాగేస్తారు, ఎవరూ వింతగా చూడరు.

ఇంట్లో చేసుకోవాలంటే ఒక లీటరు నీళ్లు బాగా మరిగించి, పొయ్యి ఆపి, బయట ఉంచిన గుడ్లు రెండు మెల్లగా వదిలి మూతపెట్టి ఆరున్నర నుంచి ఏడు నిమిషాలు. 55-60 గ్రాముల గుడ్లకు ఈ లెక్క. ఫ్రిజ్‌లోంచి నేరుగా తీస్తే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. నాలుగు గుడ్లు వేస్తే నీళ్లు రెండు లీటర్లు తీసుకోండి, లేకపోతే చల్లటి గుడ్లు నీళ్ల వేడినంతా లాగేస్తాయి. పల్చటి సత్తు గిన్నె త్వరగా చల్లారుతుంది, అడుగు మందంగా ఉన్న గిన్నె వాడండి. సమయం కాగానే నీళ్లలోంచి తీసేయాలి. ‘పొయ్యి ఆపేశాం కదా’ అని అందులోనే ఉంచితే లోపల ఉడుకుతూనే ఉంటుంది. పాత గుడ్లలో తెల్లసొన పల్చబడిపోతుంది, ఎంత ఓపిక పట్టినా ఆ పెరుగు పలుకు రాదు.

గర్భిణులకు, చిన్నపిల్లలకు, పెద్ద వయసువాళ్లకు ఇలా సగం ఉడికిన గుడ్డు పెట్టకండి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉత్తది కాదు. అమ్మగారికి పూర్తిగా ఉడికింది అడగండి. లేదంటే ఆ డబ్బాలోనే గట్టిగా అయ్యేదాకా వదిలేయండి, వాళ్లు ఏమీ అనరు.

---

కొబ్బరిపాల_కోమలి:

నాన్నగారి గురించి. కాయాలో గుడ్డు ఉంటుంది. కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, పండాన్ ఆకు: కాయా అంటే ఇదే. ‘కొబ్బరి జామ్’ అని పేరు విని తినేసేవాళ్లు చాలామంది. జామ్‌లా కనిపిస్తుంది కానీ నిజానికి కస్టర్డ్. పైగా అక్కడ శాకాహారం అన్న మాటను మాంసం లేనిది అని మాత్రమే అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు. ‘నో ఎగ్’ అని విడిగా చెప్పాలి.

ఆయనకు బటర్-షుగర్ టోస్టు, పీనట్ బటర్ టోస్టు దొరుకుతాయి. ఫ్రెంచ్ టోస్టు అని ఉంటే వద్దు, రొట్టెను గుడ్డు సొనలోనే ముంచుతారు. ఒక చిక్కు చెప్పాలి: కాయా రాసిన కత్తితోనే వెన్న కోస్తారు, అన్నీ ఒకే జాలీ మీద కాలుస్తారు. ఆయన పట్టింపు అంత గట్టిదైతే టోస్టు కొట్లో కోపి-సీ మాత్రం తాగి, టిఫిన్ లిటిల్ ఇండియాలో చేయడం నయం. సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ 1947 నుంచి ఉంది, పూర్తి శాకాహారం. ఇడ్లీ, దోసె ముందు కూర్చోబెడితే ఆయనకీ హాయి, మీకూ హాయి.

ఇక కాయాలో రెండు రకాలు. గోధుమ రంగుది హైనానీస్ పద్ధతి (చైనాలోని హైనాన్ దీవి వాళ్లది), చక్కెరను మాడ్చి కారమెల్ చేసి కలుపుతారు, కాస్త చేదు గాటు ఉంటుంది. ఆకుపచ్చది పెరనాకన్ ఇళ్లది (తరాల కిందటే అక్కడ స్థిరపడి మలయ్ పద్ధతులు కలుపుకున్న చైనా కుటుంబాలు), న్యోన్యా కాయా అంటారు, పండాన్ రసం ఎక్కువ. పండాన్ అంటే కొత్తదేమో అనుకోకండి, మన మొగలి పొదకు చుట్టమే. కాకపోతే ఇక్కడ వాసన పువ్వుది కాదు, ఆకుది.

టోస్టు మీద వెన్నను రాయరు. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్నను మూడు, నాలుగు మిల్లీమీటర్ల పలకలుగా కోసి కాల్చిన రొట్టెల మధ్య పెడతారు. కొరికితే ముందు కరకర, తర్వాత కాయా వెచ్చదనం, మధ్యలో చల్లటి ఉప్పు వెన్న తగలాలి. వచ్చిన ఐదు నిమిషాల్లో తినేయండి. ఫోటోలు తీస్తూ కూర్చుంటే వెన్న కరిగి రొట్టెలోకి దిగి మెత్తటి గుడ్డపేలికలా అవుతుంది. అందుకే టోస్టు దాబావ్ చేయించుకోవడం దండగ.

ఏ కొట్టు అని అడగలేదు కానీ, తేడాలున్నాయి. కిల్లినీ రోడ్డులో 1919 నాటి కొట్టు కిల్లినీ కోపిటియంగా ఉంది, అక్కడ తెల్ల రొట్టె. 1944లో లోయ్ ఆ కూన్ మొదలుపెట్టిన యా కున్‌లో గోధుమ రంగు రొట్టెను పల్చగా చీల్చి కాలుస్తారు, బిస్కెట్‌లా విరుగుతుంది. కటోంగ్‌లోని చిన్ మీ చిన్ 1925 నాటిది, మధ్యలో మూతపడి 2021లో మళ్లీ తెరిచారు. అక్కడ రొట్టె ముక్క కాదు, గుండ్రటి బన్నుకు కాయా. కరకర కావాలంటే యా కున్, మెత్తగా కావాలంటే చిన్ మీ చిన్. ఈ కొట్లన్నిటి వెనకా హైనాన్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మిగతా చైనా వాళ్లకంటే ఆలస్యంగా వచ్చారు. అప్పటికే మంచి వ్యాపారాలన్నీ వేరేవాళ్ల చేతుల్లో ఉండటంతో ఇంగ్లిష్ దొరల ఇళ్లలో, ఓడల్లో వంటవాళ్లుగా కుదిరారు. రొట్టె, వెన్న, కాఫీ అక్కడ పట్టుకున్న విద్యే.

కాయా ఇంట్లో చేయాలనుకుంటే: గుడ్లు 4, చిక్కటి కొబ్బరిపాలు 200 మిల్లీలీటర్లు, చక్కెర 150 గ్రాములు, ముడివేసిన పండాన్ ఆకులు 4, కారమెల్‌కు ఇంకో 50 గ్రాముల చక్కెర. గుడ్లు, చక్కెర నురగ రాకుండా కలిపి, కొబ్బరిపాలు పోసి వడకట్టండి. మరుగుతున్న నీళ్ల మీద, నీళ్లు గిన్నె అడుగుకు తగలకుండా పెట్టి, ఆకులు వేసి సన్నటి సెగ మీద 40 నిమిషాలు కలుపుతూనే ఉండాలి. 80 డిగ్రీలు దాటాక చిక్కబడుతుంది. తొందరపడి సెగ పెంచితే గుడ్డు విరిగి ఉప్మా అవుతుంది. అలా అయితే పారేయకండి, ఆకులు తీసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే నునుపు వస్తుంది, జిగి మాత్రం కొంత పోతుంది. ఆ 50 గ్రాముల చక్కెరను మాడ్చి చేసిన కారమెల్ ఇందులో పోయగానే రాయిలా గడ్డకడుతుంది, భయపడొద్దు, ఐదు నిమిషాలు కలిపితే కరిగిపోతుంది. ఫ్రిజ్‌లో పది రోజులు, పొడి చెంచాయే వాడాలి.

---

బెడోక్_బాతాఖానీ:

కూర్చోవడం, డబ్బులు నా వంతు.

గొలుసు కొట్టయితే కౌంటర్ దగ్గర సెట్ అడిగి డబ్బు కట్టి నంబరు తీసుకోవడమే. సెట్ అంటే టోస్టు, రెండు గుడ్లు, వేడి కాఫీ లేదా టీ. సుమారుగా 5 నుంచి 7 సింగపూర్ డాలర్లు. ఐసు కావాలన్నా, టోస్టు మార్చమన్నా పైన కొంత వేస్తారు. హౌసింగ్ బ్లాకుల కింద ఉండే మామూలు కోపిటియం వేరు. అందులో తిండి కొట్లు నాలుగైదు, పానీయాల కొట్టు ఒకటి. పానీయాలవాడే మీ బల్ల దగ్గరికి వచ్చి అడుగుతాడు, తెచ్చినప్పుడే డబ్బు ఇచ్చేయాలి. తిండి మాత్రం మీరే వెళ్లి తెచ్చుకోవాలి. మామూలు కోపి డాలరుంపావు నుంచి రెండు డాలర్ల లోపు. వాళ్లను ‘అంకుల్’, ‘ఆంటీ’ అనే పిలవండి, అక్కడ ఊరంతా అదే పిలుపు. 2, 5, 10 డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. పొద్దున ఆరున్నరకు 50 నోటు చాపితే మొహం మారుతుంది, తప్పు వాళ్లది కాదు.

ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఎవరో మర్చిపోయారనుకోకండి. అది సీటు ఆపినట్టు. ‘చోప్’ అంటారు, మన బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే. మీరూ వేసుకోవచ్చు. ఆ టిష్యూ తర్వాత పనికొస్తుంది కూడా, చాలా కొట్లలో ఉచితంగా ఇవ్వరు. మంచినీళ్లూ అంతే.

తిన్నాక ట్రే, కప్పులు, ఆఖరికి గుడ్డు పెంకులు కూడా మీరే తీసుకెళ్లి రాక్‌లో పెట్టాలి. హాకర్ సెంటర్లలో (చాలా తిండి కొట్లు ఒకేచోట ఉండే కప్పు కింది ప్రాంగణాలు) 2021 సెప్టెంబరు నుంచి, కాఫీ కొట్లలో 2022 జనవరి 1 నుంచి ఇది చట్టం. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. రాక్‌లు రెండుంటే ఒకటి హలాల్ ట్రేలది, బోర్డు చూసి పెట్టండి. ఇందులో మనవాళ్లు తడబడటం మామూలే.

రద్దీ: పనిదినాల్లో ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఆఫీసుల దగ్గర కొట్లు కిటకిట. శని, ఆదివారాల్లో తొమ్మిది నుంచి పదకొండు. పెద్దవాళ్లతో అయితే ఏడుకే వెళ్లండి. పాత కొట్లు కొన్ని మధ్యాహ్నానికే మూసేస్తారు, సాయంత్రం కాఫీకి అని వెళ్లకండి.

దాసు గారూ, కోపి-సీలో సీ ఎందుకొచ్చిందో రాయలేదు. కార్నేషన్ పాల డబ్బా పేరు నుంచి అని కొందరు, హైనానీస్‌లో తాజా అనే మాట నుంచి అని కొందరు అంటారు.

---

గుంటూరు_మిరప:

చాలా ఉపయోగం. రెండే మిగిలాయి. ఆ కాఫీ పొడి తెచ్చుకుని మన ఫిల్టర్లో వేస్తే పనిచేస్తుందా? కాయా సీసా విమానంలో చేతి సంచిలో తేవచ్చా?

---

డికాషన్_దాసు:

స్టీలు ఫిల్టర్లో సరిగ్గా రాదు. మన పొడి కన్నా అది బరక. గుడ్డ జోలెలో మరుగునీళ్లు పోసి నానబెట్టడం కోసం అలా విసురుతారు. ఫిల్టర్లో వేస్తే నీళ్లు జర్రున దిగిపోయి డికాషన్ పల్చగా వస్తుంది. గింజలు ఎక్కువగా రొబస్టా, వేయించేటప్పుడు చక్కెర, మార్జరీన్ వేస్తారు. చికోరీ ఇచ్చే చిక్కదనం ఇక్కడ ఆ మాడిన చక్కెర ఇస్తుంది. ఒక కప్పుకు రెండు పెద్ద చెంచాలు నిండుగా, అంటే 15-18 గ్రాములు. గుడ్డ జోలెలో వేసి, సలసల మరిగే నీళ్లు 170 మిల్లీలీటర్లు పోసి నాలుగైదు నిమిషాలు ఆగి, ఆ డికాషన్‌ను మళ్లీ అదే పొడి మీదుగా రెండుసార్లు పోయండి. కప్పులో ముందు కండెన్స్‌డ్ మిల్క్ రెండు టేబుల్ స్పూన్లు, దాని మీద కాఫీ. కొత్త జోలెను ఒకసారి నీళ్లలో మరిగించి వాడాలి. సబ్బు పెట్టారో, ఆ వాసన వారం రోజులు వదలదు. పొడికి చెమ్మ తగిలితే చక్కెర వల్ల గడ్డకట్టేస్తుంది, గాలి చొరని డబ్బాలో పెట్టండి.

---

బెడోక్_బాతాఖానీ:

కాయా చేతి సంచిలో వద్దు. భద్రతా తనిఖీలో దాన్ని జెల్ కింద లెక్కిస్తారు, 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను తీసేసుకుంటారు. చాంగీ విమానాశ్రయంలో 1, 2, 3 టెర్మినళ్లలో తనిఖీ గేటు దగ్గర జరుగుతుంది, అప్పటికే మీ పెద్ద సంచి వెళ్లిపోయి ఉంటుంది, వెనక్కి పంపే దారి ఉండదు. ఊళ్లో కొన్న సీసా మూతకు టేపు వేసి, ప్లాస్టిక్ కవర్లో కట్టి, బట్టల మధ్య పెట్టి చెకిన్ సంచిలో వేయండి. కాఫీ పొడి అయితే ఎందులోనైనా సరే.

---

తెల్లసొన_ప్రసాద్:

సీసా మీద గడువు తేదీ, ‘తెరిచాక ఫ్రిజ్‌లో’ అని ఉందా లేదా చూసి కొనండి. కొట్లో అక్కడికక్కడ చేసిన కాయాలో నిలవ ఉంచే పదార్థం వేయకపోవచ్చు. అలాంటిది తెస్తే ఇంటికి చేరేసరికి పులిసిపోతుంది.

---

గుంటూరు_మిరప:

సరే, ఫ్యాక్టరీ సీసాలే తెస్తాను. నాన్నగారికి ‘నో ఎగ్’, అమ్మకు ‘కోపి-సీ కోసోంగ్’ అని చీటీ మీద రాసి ఇచ్చేశాను, ఇప్పటినుంచే వల్లె వేస్తున్నారు.